గోడకు ఆనించిన వీపులు

మా ముత్తాత మూడు ఊళ్ళకు మక్తేదారు. సర్కారుకు కట్టవలసింది కట్టి, ఆ ఊళ్ళ శిస్తు తానే వసూలు చేసుకునే హక్కు ఆయనది. ఆయన పెద్ద కొడుకు, అంటే మా తాత, శిస్తు లెక్కలు చూసే మాలీ పటేలు. తాత తమ్ముడు పోలీసు పటేలు. రెండు పటేలుగిరీలూ ఒకే ఇంట్లో ఉండటం ఆ చుట్టుపక్కల మాకే చెల్లింది. మా బాపు ఆ పదవిలో కొన్నేళ్ళు ఉన్నారో లేదో, పటేలు పట్వారీ వ్యవస్థే రద్దయింది. ఇవి గొప్పకు రాయడం లేదు. సిగ్గుపడి దాచడమూ లేదు. ఉండేవి, పోయాయి.

ఊళ్ళల్లో ఎర్రజెండాలు లేచిన కాలంలో మేము గడి అనే మా కోటలాంటి ఇల్లు విడిచి సిద్దిపేటకు వచ్చి కిరాయి ఇంట్లో చేరాం. భూమి కొంత సీలింగు కింద పోయింది, కొంత సాగుచేస్తున్నవాళ్ళకే ఉండిపోయింది, మిగిలింది మా మేనత్తల పెళ్ళిళ్ళకు కరిగింది. గడి పైకప్పు ఒక వానాకాలంలో కూలింది. ఆ ఇంటినుంచి నాకు చెక్కుచెదరకుండా వచ్చింది నిలబడే పద్ధతి ఒక్కటే.

అది మా తాత నేర్పింది. సాయంత్రం, గడిలో తాను పంచాయితీలు నడిపే కచ్చేరి ముందు రాతి స్తంభానికి ఆనించి నన్ను నిలబెట్టేవారు. మడమలు, పిక్కలు, రెక్కలు, తల వెనుక భాగం, అన్నీ రాయికి తగలాలి. చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఎదుటి మనిషి కళ్ళలోకి చూడకూడదు, తలపాగ మీదుగా చూడాలి. చేతిలోది జారి కిందపడితే వంగి తీయకూడదు. తీసేవాళ్ళు తీస్తారు. నాకప్పుడు ఆరేళ్ళో ఏడేళ్ళో. గోళీ పడినా వంగలేదు. అది ఎటు దొర్లిందో కూడా చూడకుండా నిలబడటం వచ్చిన రోజున తాత నా భుజం తట్టారు.

మా ఎదుట నిలబడేవాళ్ళది వేరే పాఠం. గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవారు. భుజం మీది తువ్వాల తీసి నడుముకు చుట్టుకునేవారు. వాళ్ళ నడుములు ఎక్కడ వంగాలో వాళ్ళ తాతలు వాళ్ళకు నేర్పి ఉంటారు.

నేను చదువుకుని, సిద్దిపేటలో ఉపాధ్యాయులను తయారుచేసే ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. ప్రాథమిక పాఠశాల టీచర్లు కాబోయేవాళ్ళు అక్కడ రెండేళ్ళు చదువుతారు. ఛాత్రోపాధ్యాయులు అంటాం వాళ్ళను. నేను తెలుగు బోధనా పద్ధతులు చెప్పేవాణ్ణి. కొన్నేళ్ళ కిందట సిలబస్ మారి కొత్త పేపరు ఒకటి వచ్చింది. టీచరు అంటే నోరు మాత్రమే కాదు, మొత్తం మనిషి అని దాని సారాంశం. ఊపిరి, గొంతు, నడక, నిలబడే తీరు, చేతులు, చూపు, ఇవన్నీ కూడా పిల్లలకు పాఠం చెబుతుంటాయి, కాబట్టి టీచరుకు తన శరీరం మీద ఎరుక ఉండాలి అని అందులో ఉంది. ఎవరూ ఆ పేపరు తీసుకోవడానికి ముందుకు రాలేదు. ప్రిన్సిపాల్ నా వైపు చూసి, సార్ నిలబడితే చాలు, అదే పాఠం అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను.

పుస్తకంలో నేలమీద పడుకుని ఊపిరి గమనించమని, కళ్ళు మూసుకుని పాదాల మీద బరువు ఎటు పడుతుందో చూడమని రకరకాల అభ్యాసాలు ఇచ్చారు. వాటిని నేను చదివి పక్కన పెట్టాను. ఎదిగిన మనుషులను నేలమీద దొర్లించడం చదువు అనిపించలేదు. వాటి బదులు ప్రతిరోజూ మొదటి పది నిమిషాలు క్లాసు మొత్తాన్ని గోడకు ఆనించి నిలబెట్టాను. మడమలు, పిక్కలు, రెక్కలు, తల. చేతులు వెనక్కి.

నా ఉద్దేశం చెడ్డది కాదు. మా కాలేజీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కౌలు రైతుల పిల్లలు, గీత పనివాళ్ళ పిల్లలు, కూలికి పోయే ఇళ్ళ పిల్లలు. పేరు పిలిస్తే తల దించుకుని లేచేవాళ్ళు. మాట్లాడితే రెండో బెంచీ దాటి వినపడేది కాదు. వాళ్ళ నడుములు ఎక్కడ వంగటం నేర్చుకున్నాయో నాకు తెలుసు. అవి నిటారు కావాలంటే గడిలోని నిటారుతనం వాళ్ళకు ఇచ్చేయాలి అనుకున్నాను. మా ఇంట్లో పంచగలిగింది అదొక్కటే మిగిలింది, దాన్ని పంచుతున్నాను అనుకున్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. లోపల మాత్రం తృప్తిగా ఉండేది.

ఇప్పుడు చెప్పబోయేది రెండేళ్ళ కిందటి సంగతి. ఆ బ్యాచ్‌లో ఒకామె ఉండేది. తండ్రి తాళ్ళెక్కుతాడు. పెళ్ళయింది, రెండేళ్ళ కూతురు. అత్తగారిది చింతమడక దిక్కు. పొద్దున పిల్లను అత్తకు అప్పగించి ఆటోలో కాలేజీకి వచ్చేది. చేతిరాత ముత్యాలు. పాఠ్య పథకాలు అందరికంటే ముందు రాసి ఇచ్చేది. గోడ అభ్యాసంలో ఆమెను మించినవాళ్ళు లేరు. నేను నిలబడినట్టే నిలబడేది. నేను తల తిప్పినంతే తిప్పేది. నా పద్ధతి అంత పూర్తిగా పట్టుకున్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

ఆమెకు ఇంటర్న్‌షిప్ ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పడింది. ఊరి పేరు రాయను. మా ముత్తాత మక్తాలోని మూడు ఊళ్ళలో అదొకటి. నాలుగు వారాలు ఒకటో తరగతికి చెప్పాలి. చివర్లో అక్కడి హెడ్‌మేడం, పనితీరు సంతృప్తికరం అని రాసి సంతకం పెట్టాలి. అది లేకపోతే చివరి పరీక్ష రాయనివ్వరు, మళ్ళీ ఏడాది ఆగాలి. ఆమెకు ఆగే వీలు లేదని నాకు తెలుసు. ఈ ఒక్క ఏడు పిల్లను చూసుకుంటామని అత్తగారింట్లో ఒప్పుకున్నారు, ఆ తర్వాత లేదన్నారు.

మూడో రోజు పర్యవేక్షణకు వెళ్ళాను. బడి గేటు బయట బండి ఆపుతుంటే ఆమె వరండాలో కనిపించింది. ప్రార్థనకు పిల్లలు వరుస కడుతున్నారు. మెట్టు మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ళ తలల మీదుగా చూస్తోంది. బాగా నిలబడింది అనుకున్నాను.

ఆ సమయంలోనే ఒక ముసలామె మనవడి అన్నం పళ్ళెం పట్టుకుని గేటులోకి వచ్చింది. నాలుగు అడుగులు వేసి వరండా వైపు చూసింది. చూసి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. కొంగు భుజం చుట్టూ లాక్కుని, నడుము వంచి, గోడ పక్కనుంచి నడవసాగింది. వరండా కిందికి వచ్చాక తల ఎత్తి ఆ అమ్మాయి ముఖం చూసి ఆగిపోయింది. చేతిలోని చెప్పులు చూసుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"నువ్వు మొన్నొచ్చిన గౌండ్లోల్ల పిల్లవు గదనే," అంది. "గట్ల నిలవడితె పెద్ద పటేలు యాదికొచ్చిండు బిడ్డా. చెప్పులు గవ్వే చేతులకొచ్చినయి."

ముసలామె చెప్పులు కింద వేసి తొడుక్కుని, ఇంకా నవ్వుతూ పళ్ళెం ఇచ్చి పోయింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. నేనెవరో ఆమెకు తెలియదు. పెద్ద పటేలు అంటే మా తాత.

ఆ రోజు పాఠం చూడకుండా వచ్చేశాను. ఒక ముసలి మనిషి పొరపాటు పడింది, అంతే కదా అని సర్దుకున్నాను.

రెండో వారం చివర హెడ్‌మేడం కబురు పెట్టారు. నా కంటే చిన్నది, ముక్కుసూటి మనిషి. రికార్డు పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. వారం వారం రాయవలసిన గడులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

"ఏం రాయాలె సార్ నేను? పాఠం వస్తది. టైముకు వస్తది. కని పిల్లలు దగ్గరికి పోతలేరు. ఒంటేలుకు పోతనని అడగనీకి గూడ భయపడ్తున్నరు. మొన్న ఒకడు లాగులనే పోసుకున్నడు."

చిన్నపిల్లలు, కొత్త టీచరు, కొన్నాళ్ళు పడుతుంది అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపారు. సుద్దముక్క కిందపడితే ఆ అమ్మాయి తీయదని, ఎవడో ఒక పిల్లవాడు ఉరికి వచ్చి తీసి చేతికిచ్చేదాకా దాని వైపు చూడను కూడా చూడదని చెప్పారు. ఈమె ఒక్కతే కాదు, మా కాలేజీ నుంచి ఏటా వచ్చేవాళ్ళంతా అంతేనట.

"మేము నవ్వుకుంటం సార్, ఏమనుకోకున్రి. దొరలు దిగిన్రు అంటం."

మా ఇంటి సంగతి ఆమెకు తెలిసి అన్న మాట కాదు. అప్పుడు నా చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి. ముందుకు తెచ్చాను. ముందు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బల్ల మీద పెడితే అడుక్కుంటున్నట్టు అనిపించింది. చివరికి రికార్డు పుస్తకం పట్టుకున్నాను.

మిగిలిన రెండు వారాల్లో మార్పు కనిపిస్తే రాస్తానని, లేకపోతే ఉన్నదే రాస్తానని ఆమె చెప్పారు. అందులో అన్యాయం లేదు.

బయటికి వచ్చేసరికి ఆ అమ్మాయి వేపచెట్టు కింద నిలబడి ఉంది. ఏం జరిగిందో ఆమెకు తెలుసు. సంతకం పెడతారా అని అడగలేదు. "ఈ ఏడు దాటితె మా ఇంట్ల పంపరు సార్," అని మాత్రం అంది. మీరు నేర్పినట్టే చేస్తున్నాను కదా అని అనలేదు. అని ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది.

తర్వాత రెండు రోజులు ఆ బడికి వెళ్ళలేదు. నారాయణరావుపేట దారిలో ఇంకో ఊరి బడికి వెళ్ళాను. అక్కడ మా వాళ్ళు నలుగురున్నారు. మధ్యాహ్నం విరామంలో నలుగురూ నాలుగు గదుల గడపల్లో నిలబడి ఉన్నారు. నాలుగు వీపులు, వెనక్కి కట్టిన నాలుగు జతల చేతులు. వాళ్ళ ముందునుంచి పరిగెత్తుతున్న పిల్లలు గడప దగ్గరికి రాగానే మెల్లగా నడిచి, దాటాక మళ్ళీ పరిగెత్తుతున్నారు. ఏళ్ళుగా ఇదంతా చూస్తూనే ఉన్నాను. క్రమశిక్షణ అనుకున్నాను.

మూడో రోజు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి నాకు చేతనైన సవరణలు చెప్పాను. భుజాలు వదులు చేయమన్నాను. పిల్లల కళ్ళలోకి చూడమన్నాను. నవ్వమన్నాను. ఆమె తలూపి లోపలికి వెళ్ళి, మెడ బిగించుకునే నవ్వింది. పై నుంచి కిందికి ఒక్కో పిల్లవాణ్ణే చూస్తూ నవ్వింది. ముందు వరసలో ఒక పాప ఏడ్వడం మొదలుపెట్టింది. అప్పుడు నేను వెనుక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. పాప ఏడుస్తుంటే ఆమె నా వైపు చూసింది. చూడగానే ఆమె వీపు ఇంకా బిగిసింది. పాఠం చెబుతున్నంతసేపూ రెండు మూడు నిమిషాలకోసారి అలా చూస్తూనే ఉంది. నన్ను చూసి సరిచేసుకుంటోంది. నేను ఆ గదిలో ఉన్నంతకాలం నోటితో ఏం చెప్పినా లాభం లేదని అప్పుడు తెలిసింది. నా వీపు వేరే మాట చెబుతోంది.

మరునాడు మధ్యాహ్న భోజనానికి ముందు వెళ్ళాను. వంటగది వెనుక చెట్టు నీడలో ఆ ముసలామె చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. మనవణ్ణి తీసుకువచ్చినరోజు మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి వంటకు సాయం చేసి పోతుందట. ఆమె ఎదురుగా ఆ అమ్మాయి గొంతుక్కూర్చుని ఉంది. మోచేతులు మోకాళ్ళ మీద వేలాడేసి, ఒక చేత్తో రాళ్ళు ఏరుతూ ఏదో చెబుతోంది. ముగ్గురు నలుగురు ఒకటో తరగతి పిల్లలు చుట్టూ చేరారు. ఒకడు ఆమె జడ కొస పట్టుకుని ఉన్నాడు. నాలుగు గజాల దూరంలో ఉన్నా ఆమె గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. క్లాసులో వినపడే గొంతు అది కాదు. కింద నుంచి, పొట్టలోనుంచి వస్తోంది.

నన్ను చూడగానే లేచి నిలబడింది. చేతులు వెనక్కి పోయాయి. జడ పట్టుకున్నవాడు వదిలేసి చెట్టు వెనక్కి వెళ్ళాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నేను నిలబడి ఉండగా ఆమె కూర్చోలేదు, అది ఆమె తప్పు కాదు. ఆమె కూర్చోవాలంటే నేను కూర్చోవాలి. నేలమీద నలుగురిలో కూర్చోవడం నాకు అలవాటు లేదు. మా ఇంట్లో నేలమీద కూర్చునేది ఆడవాళ్ళూ పనివాళ్ళూ. వయసు వచ్చాక పెళ్ళిళ్ళలో కూడా బంతికి కూర్చోలేదు. అక్కడ కాసేపు నిలబడ్డాను. తిరిగి బండి దగ్గరికి వెళ్ళిపోవచ్చని కూడా అనుకున్నాను. ఆ తర్వాత నీళ్ళ డ్రమ్ము అంచు పట్టుకుని కిందికి దిగాను. మోకాళ్ళు సగం దాకా వచ్చి ఆగాయి. మిగతా సగం పడ్డాను అనడమే నిజం. కూర్చున్నాక కాళ్ళు ముడుచుకోలేదు. వీపు గుండ్రం కాలేదు. పాతిన రాయిలా కూర్చున్నాను.

ముసలామె చాట ఊపడం ఆపి నన్ను చూసింది.

"ఏంది సారూ, నడుముల కట్టె గిట్ట పెట్టుకున్నవా? జెర సుట్టం ఇంటికొచ్చినట్టు కూసో. కచ్చేరి నడిపినట్టు కూసున్నవ్."

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి తల దించుకుంది. ఆ తర్వాత కూర్చుంది. నాకు కోపం వచ్చింది. వచ్చిందని రాయకపోతే అబద్ధమవుతుంది. ఆ మాట మా తాత కాలంలో అనగలిగేది కాదు అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచన ఎంతసేపు ఉందో, ఎప్పుడు పోయిందో గుర్తులేదు. ముసలామె నా ముందుకు గుప్పెడు బియ్యం నెట్టింది. రాళ్ళు ఏరాను.

కొంతసేపయ్యాక ఆ అమ్మాయితో, నేను నేర్పిన నిలబడటం మర్చిపొమ్మన్నాను. అది మా ఇంటి అలవాటని, బడికి పనికొచ్చేది కాదని చెప్పాను. ఆమె బియ్యం వైపే చూస్తూ విన్నది.

"మరి ఎట్ల నిలవడాలె సార్?"

"నాకు తెల్వదమ్మా," అన్నాను.

నా ఉద్యోగంలో విద్యార్థితో ఆ మాట అనడం అదే మొదలు. ఆమె తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. తలపాగ మీదుగా చూసే చూపు కాదు.

జవాబు ముసలామె చెప్పింది. "నిలవడుడు గూడ అడుగుతరా? నీకు బిడ్డున్నదంటివి. సంకల ఏసుకుంటె ఎట్ల నిలవడ్తవు? గట్ల నిలవడు, గంతే."

ఆ అమ్మాయి లేచి, ఖాళీ చాట తీసి నడుము పక్కన పెట్టుకుంది. పెట్టుకోగానే ఒక తుంటి కిందికి జారింది, బరువు ఒక కాలి మీదికి పోయింది, రెండో మోకాలు వదులైంది. భుజాలు దిగాయి. ఊపిరి ఛాతీలోనుంచి పొట్టలోకి వెళ్ళడం చీర కుచ్చెళ్ళ మీద కనిపించింది. పాదాల మీద బరువు మారడం గురించి నేను ఏళ్ళ తరబడి బ్లాక్‌బోర్డు మీద రాసి నోట్సు మాత్రం రాయించాను. మారుతుండగా చూసింది ఆ రోజే.

మరునాటి నుంచి ఒకటో తరగతిలో పిల్లల వెనుక నేలమీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఆనుకోవడానికి గోడ కావలసి వచ్చింది నాకు. హెడ్‌మేడం ఒకసారి తలుపు దగ్గర ఆగి చూసి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి హాజరు పట్టీని చాటలాగా నడుముకు ఆనించుకుని నిలబడింది. మొదటి రోజు నిమిషానికోసారి మర్చిపోయి బిగుసుకుంది. బిగుసుకున్నప్పుడు అలవాటుగా నా కోసం చూసేది. ఇప్పుడు నా తల పిల్లల తలలంత ఎత్తులోనే ఉండేసరికి ఆమె చూపు వాళ్ళ మీద పడేది.

మూడు రోజులు పిల్లల్లో పెద్ద తేడా లేదు. నాలుగో రోజు అ, ఆ లు రాస్తుంటే సుద్దముక్క జారి ముందు వరస దాకా దొర్లింది. ఒక పిల్లవాడు లేవబోయాడు. ఆమె చేత్తో వద్దని చెప్పి, తనే వంగింది. వంగడం కాదు, బియ్యం ఏరినప్పటిలాగా గొంతుక్కూర్చుంది. సుద్దముక్క దొరికాక కూడా లేవలేదు. ఆమె ముఖం పిల్లల ముఖాలకు మూరెడు దూరంలో ఉంది. అంతకుముందు నవ్వు చూసి ఏడ్చిన పాప ఆమె చెవి వైపు చాలాసేపు చూసింది.

"టీచర్, నీ కమ్మ ఊగుతుంది," అంది.

"ఊగుతుందా?" అంది ఆమె.

పాప వేలితో ముట్టుకుని మళ్ళీ ఊపింది. పక్కవాడు తన అమ్మకు కూడా అలాంటి కమ్మలు ఉన్నాయన్నాడు. ఇంకొకడు ఒంటేలుకు పోతానన్నాడు. ఆ తర్వాత ఆ గది కాసేపు సంతలా అయింది. ఆమె ఆపలేదు. ఆ గోలలోనే ఊగేవన్నీ చెప్పమంది. ఊయల, ఉడుత తోక, ఎద్దు మెడ గంట, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఉడుతా ఊయలా బోర్డు మీదికి వచ్చాయి. ఎవరో నా మోకాలి మీద పలక పెట్టుకుని ఉ రాస్తున్నారు. నాకు కాలు తిమ్మిరెక్కింది. కదిలించలేదు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. చివరి వారంలో రెండు రోజులు పిల్లలు ఆమె మాట అసలు వినలేదు. ఒకరోజు ఆమె విసిగి చేతులు వెనక్కి కట్టుకుంది. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం విని ఆమె తన చేతులు తానే విప్పుకుంది. నేను గమనించానేమోనని చూడలేదు.

ఆఖరి శనివారం హెడ్‌మేడం మమ్మల్ని ఇద్దరినీ పిలిచారు. రికార్డు తెరిచి, నాలుగు గడులూ ఒకేసారి నింపడానికి పెన్ను తీశారు. ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. హెడ్‌మేడం పేజీ మీద పెన్ను ఆనించి తల ఎత్తారు.

"పిల్లలు మరీ మీదికెక్కుతున్నరు. అది గూడ రాయనా?"

"రాయున్రి మేడం, ఉన్నదే గదా," అంది ఆ అమ్మాయి.

హెడ్‌మేడం ఆ మాట రాయలేదు. మొదటి రెండు వారాల గడుల్లో పిల్లలు దగ్గరికి రాలేదని, మూడో దాంట్లో కొద్దిగా తేడా ఉందని, చివరి దాంట్లో వచ్చారని రాశారు. కింద, సంతృప్తికరం అని రాసి సంతకం చేసి ముద్ర వేశారు. పుస్తకం మూసి ఆమెకు ఇస్తూ, బడి ఎప్పుడు వదులుతుందో పిల్లను చూసుకునే అత్తకు తెలుసా, ఆటో ఉంటుందా అని అడిగారు. ఆ అమ్మాయి పుస్తకాన్ని తీసుకుని సంచిలో పెట్టుకుని, తీసి మళ్ళీ తెరిచి సంతకం చూసుకుని, మళ్ళీ పెట్టుకుంది. నాకు నమస్కారం చేసింది. ఆమె చివరి పరీక్ష రాసింది, పాసైంది. ఇప్పుడు టీచర్ పోస్టుల పరీక్షకు చదువుతోంది. అత్తగారింట్లో దానికి ఒప్పుకున్నారో లేదో నేను అడగలేదు.

కాలేజీలో గోడ అభ్యాసం ఆపేశాను. ఎందుకని సహ అధ్యాపకులు అడిగితే, సిలబస్‌లో లేదన్నాను. అది నిజమే. ఉన్నవి వేరే. నేలమీద వెల్లకిల పడుకోవడం, ఊపిరి ఎక్కడిదాకా వెళుతుందో చూడటం, పక్కకు ఒత్తిగిలి ఎవరి సాయం లేకుండా లేవడం. ఇవి ఛాత్రోపాధ్యాయులతో చేయించాలంటే ముందు నేను చేయగలగాలి. వాళ్ళ ముందు పడుకుని లేవలేక ఇబ్బంది పడటం నాకు ఇష్టం లేదు. ఆ మేరకు నా పాత స్వభావం నాతోనే ఉంది. కాబట్టి ఇంట్లోనే, పొద్దున ఎవరూ లేవకముందు నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

మా ఇంట్లో మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత జాగ ముందుగది ఒక్కటే. కానీ గడినుంచి తెచ్చిన టేకు కుర్చీలు ఆ గదిలో ఆరు ఉండేవి. నిటారు వీపులవి, చేతుల మీద సింహం తలలు చెక్కినవి. వాటి మధ్య పడుకుని చేతులు చాపితే రెండువైపులా కుర్చీకాళ్ళు తగిలేవి. వారం రోజులు వాటిని జరుపుకుంటూ చూశాను. తర్వాత పాత కలప సామాను కొనే ఒకతను హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆరు కుర్చీలూ అమ్మేశాను.